హరిమ: చిలకలకు ఇచ్చేసిన రంగు

(ఒక గ్రంథాలయంలో జరిగిన సాయంకాలపు సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? సరే.

మా తమ్ముడికి ఏడేళ్ళప్పుడు కామెర్లు వచ్చాయి. నాకు పదేళ్ళు. రెండు రోజులుగా వాడికి అన్నం సయించడం లేదు, నూనె వాసన వస్తే డోకు. మూడో రోజు పొద్దున్న అమ్మ వాణ్ణి అరుగు మీదికి తీసుకొచ్చింది. మొహం వెలుతురు వైపు తిప్పి, కింది రెప్పని వేలితో లాగి చూసింది. నేనూ తొంగిచూశాను. తెల్లగుడ్డు తెల్లగా లేదు. అలాగని పసుపు రాసినట్టూ లేదు. అప్పుడే రంగు తిరుగుతున్న నిమ్మకాయ ఉంటుంది చూడండి, ఆకుపచ్చ పూర్తిగా పోదు, పసుపు పూర్తిగా రాదు, ఆ రంగు. అమ్మ "కళ్ళు పచ్చబడ్డాయండీ" అని లోపలికి కేకేసింది.

తాతయ్య బయటికొచ్చి చూశారు. డాక్టరు గారి కోసం మనిషిని పంపించారు. మర్నాటి నుంచి పొద్దున్నే సూర్యుడికి ఎదురుగా నిలబడి తమ్ముడి తల మీద చెయ్యి పెట్టి ఒక మంత్రం చదివేవారు. అందులో "హరిమాణం" అనే మాట పదేపదే వచ్చేది. హరి అంటే దేవుడు కాబట్టి తమ్ముణ్ణి బాగుచెయ్యమని దేవుణ్ణి అడుగుతున్నారనుకున్నాను. ఆ మాటకి అర్థం నాకు మరో పన్నెండేళ్ళకి, ఎమ్మే చదివేటప్పుడు తెలిసింది. తెలిసిన రోజు రాత్రి నిద్రపట్టలేదు. ఈ సాయంత్రం నేను చెప్పబోయేది ఆ ఒక్క మాట గురించే.

హరిమ. మహత్తు నుంచి మహిమ వచ్చినట్టు, గురువు అంటే బరువు కాబట్టి దాన్నుంచి గరిమ వచ్చినట్టు, లఘువు నుంచి లఘిమ వచ్చినట్టు, హరి నుంచి హరిమ వచ్చింది. మహిమ అంటే గొప్పతనం, గరిమ అంటే బరువుతనం. హరిమ అంటే 'హరి'తనం. మరి హరి అంటే ఏమిటి? రంగు. పసుపుకీ ఆకుపచ్చకీ మధ్య ఉండే రంగు. ఒంటికి ఆ రంగు రావడమే హరిమ, అంటే కామెర్లు.

తాతయ్య చదివినది ఋగ్వేదం మొదటి మండలంలో 50వ సూక్తం చివర్లో వస్తుంది. ఋషి పేరు ప్రస్కణ్వుడు. సూర్యనమస్కారాలు చేసేవాళ్ళు మీలో ఉంటే ఈ ఋక్కు మీ నోటికి వచ్చే ఉంటుంది.

ఉద్యన్నద్య మిత్రమహ ఆరోహన్నుత్తరాం దివమ్
హృద్రోగం మమ సూర్య హరిమాణం చ నాశయ

ఓ సూర్యుడా, ఈరోజు ఉదయించి పై ఆకాశానికి ఎక్కుతూ నా గుండెజబ్బునీ నా హరిమనీ పోగొట్టు. ఇంతవరకు మామూలు ప్రార్థనే. దీని తర్వాతి ఋక్కు వినండి.

శుకేషు మే హరిమాణం రోపణాకాసు దధ్మసి
అథో హారిద్రవేషు మే హరిమాణం ని దధ్మసి

నా పచ్చదనాన్ని చిలకల్లో పెడుతున్నాం. రోపణాకల్లో పెడుతున్నాం. హారిద్రవాల్లో పెడుతున్నాం. రోపణాక అంటే గోరువంక జాతి పిట్ట అని సాయణాచార్యులు వ్యాఖ్యానం రాశారు. హారిద్రవం అంటే ఒక చెట్టు అని ఆయన అన్నారు, పసుపు రంగు పిట్ట అని ఈ కాలపు పండితులు కొందరు అంటున్నారు. చిలక విషయంలో మాత్రం ఎవరికీ పేచీ లేదు.

ఈ కవి చేసిన పని గమనించండి. రోగాన్ని శత్రువుల మీదకి పొమ్మనలేదు, పాతాళానికి పొమ్మనలేదు. ఈ రంగు నా ఒంట్లో ఉండాల్సింది కాదు, దీనికో సొంత చోటు ఉంది, అక్కడ పెట్టేద్దాం అన్నాడు. మనిషి కంట్లో ఉంటే జబ్బు అయిన రంగు, చిలక రెక్క మీద ఉంటే అందం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టనివ్వనిది ఇదే.

ఇక్కడ మీకో సందేహం రావాలి. చిలకది ఆకుపచ్చ కదా, కామెర్లది పసుపు కదా, రెండిటికీ ఒకే మాటేమిటి అని. రాలేదా? రాకపోతే తప్పేమీ లేదు. మనం తెలుగువాళ్ళం కాబట్టి రాలేదు. చెప్పండి, కోడిగుడ్డులో పచ్చసొన ఏ రంగు?

(సభలో: పసుపు.)

రైలుకి ఊపే పచ్చజెండా?

(సభలో: ఆకుపచ్చ.)

పచ్చగన్నేరు పువ్వు పసుపు, పచ్చబొట్టు ఆకుపచ్చ. పచ్చజొన్న పసుపు, ఉంగరంలో పొదిగే పచ్చ ఆకుపచ్చ. ఒకే ఇంట్లో, ఒకే నోటితో, ఒకే పూట ఈ మాటలన్నీ వాడతాం. ఎవరికీ అయోమయం కలగదు. మరీ విడమరచాల్సి వస్తే ఆకుపచ్చ అంటాం, పసుపుపచ్చ అంటాం. అప్పుడు కూడా పచ్చని వదలం, దానికి ముందో మాట తగిలిస్తాం, అంతే.

దీన్ని లోపం అనుకునేవాళ్ళున్నారు. ఇంగ్లండులో గ్లాడ్‌స్టన్ అనే ఆయన, తర్వాత ప్రధానమంత్రి అయిన ఆయనే, 1858లో గ్రీకు మహాకవి హోమర్ మీద పెద్ద గ్రంథం అచ్చువేశాడు. హోమర్ కావ్యాల్లో రంగుల మాటలు ఇంత తికమకగా ఉన్నాయేమిటని లెక్కలు తీసి, ఆ కాలపు మనుషులకి రంగులు చూసే శక్తి ఇంకా పూర్తిగా ఎదగలేదేమో అన్నాడు. ఆయన్ని తికమకపెట్టిన మాటల్లో ఒకటి 'క్లోరోస్'. హోమర్ తేనెని క్లోరోస్ అంటాడు, అప్పుడే నరికిన పచ్చికర్రని క్లోరోస్ అంటాడు, భయాన్ని కూడా క్లోరోస్ అంటాడు. భయంతో పాలిపోయిన మొహం రంగు అన్నమాట.

గ్లాడ్‌స్టన్ మా నాయనమ్మని చూసి ఉంటే ఆ మాట రాసేవాడు కాదు. ఆవిడ చీరలకొట్లో కూర్చుంటే కొట్టతనికి చెమటలు పట్టేవి. "ఇది గడ్డిపచ్చ, నేనడిగింది చిలకపచ్చ. ఇది లేతాకు రంగు, నాకు కావలసింది దీనికంటే ఒక పిసరు పసుపెక్కాలి" అని పక్కపక్కన పరచిన రెండు బట్టల్లో నాకు కనిపించని తేడా చెప్పేది. అదే నాయనమ్మ చామంతిపువ్వునీ పచ్చ అనేది, అరటాకునీ పచ్చ అనేది. మాట ఒకటైనంత మాత్రాన చూపు ఒకటి కాదు. ఈ సంగతి నాకు ఏ పుస్తకమూ చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

మరి ఎందుకు ఒకటే మాట? దానికి ఒక్కసారి మన 'పచ్చ' చుట్టాలందరినీ పిలుద్దాం. పచ్చి, అంటే ఉడకనిది, ఎండనిది. పచ్చిక. పసరు. పసి, అంటే లేత, పసిబిడ్డలో పసి. పసిమి, ఒంటి మీది పచ్చని మెరుపు. పసుపు. పైరు. పైడి, పసిడి, అంటే బంగారం. వీటన్నిటినీ భాషాశాస్త్రవేత్తలు ఒకే ద్రావిడ మూలానికి చేరుస్తారు. కన్నడంలో పకారం హకారం అవుతుంది కాబట్టి అక్కడ ఆకుపచ్చని హసిరు అంటారు. తమిళంలో పచ్చై అంటారు, అది ఆకుపచ్చకి మాత్రమే. పసుపుకి వాళ్ళు మంజళ్ అని వేరే మాట పెట్టుకున్నారు. రెండు రంగుల్నీ ఒకే మాటతో పలికే అలవాటు మన తెలుగులో గట్టిగా నిలిచింది.

కామెర్లకి కూడా కొన్ని ఊళ్ళలో పసిరికలు అంటారు. అదీ ఈ కుటుంబమే.

ఇప్పుడు సంస్కృతం వైపు రండి. హరి అంటే పచ్చ. దాని చుట్టాలు హరితం, ఆకుపచ్చ. హరిద్ర, పసుపు. హరితాళం, పసుపుపచ్చగా మెరిసే ఒక ఖనిజం. హిరణ్యం, బంగారం. హరిమ, కామెర్లు.

రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. అటు హరితం, ఇటు పచ్చ. అటు హరిద్ర, ఇటు పసుపు. అటు హిరణ్యం, ఇటు పసిడి. అటు హరిమ, ఇటు పసిరికలు. ఈ రెండు మాటలకీ రక్తసంబంధం లేదండి. ఒకటి ఇండో యూరోపియన్ కుటుంబం, ఇంకోటి ద్రావిడ కుటుంబం. మరి ఒకే గుమ్మాల మీదుగా ఒకే ఇళ్ళకి ఎలా వెళ్ళాయి?

నాకు తోచిన జవాబు నారుమడిలో ఉంది. మా ఊరు గోదావరి జిల్లాలో. మొలకెత్తిన విత్తనం చల్లిన నాలుగైదు రోజులకి మడి వైపు చూస్తే అది ఆకుపచ్చా పసుపా అని చెప్పలేరు. నాట్లయ్యాక చేను ముదురుతుంది. పొట్టకొచ్చి, కంకి వంగి, కోతకొచ్చేసరికి మొత్తం బంగారం. మన కంటికి అవి మూడు రంగులు. పొలం గట్టు మీద నాలుగు నెలలు నిలబడినవాడికి అది ఒకే పైరు. వాడు రంగుకి పేరు పెట్టలేదు, పైరుకి పేరు పెట్టాడు. ప్రాణంతో, తడితో ఉన్నదానికి పేరు పెట్టాడు. ఆ పేరు లేత నుంచి పంట దాకా పైరుతో పాటే నడిచింది. సింధూ తీరాన నడిచింది, గోదావరి తీరాన నడిచింది.

రైతులకి ఇవాళ్టికీ ఆ మధ్య రంగే ముఖ్యం. వరిలో యూరియా ఎంత వెయ్యాలో తేల్చుకోవడానికి ఒక ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది, మీలో కొందరు చూసే ఉంటారు. పసుపు కలిసిన లేతపచ్చ నుంచి ముదురు ఆకుపచ్చ దాకా గళ్ళు వేసి ఉంటాయి. ఆకుని గడి పక్కన పెట్టి, ఎండ నేరుగా పడకుండా ఒంటి నీడలో పట్టుకుని చూడాలి. ఆకు పసుపు వైపు గళ్ళకి జరిగితే పైరుకి నత్రజని చాలడం లేదని లెక్క. మొక్కలకి వచ్చే ఈ పాలిపోవడాన్ని శాస్త్రంలో క్లోరోసిస్ అంటారు. హోమర్ మాటే, మన పొలంలో.

ఇక్కడ కొంచెం పక్కకి వెళ్తాను, కోప్పడకండి. 'హరి' మాట వేదకాలంలో చాలా చురుకైన మాట. ఇంద్రుడి రెండు గుర్రాలని హరీ అంటారు. సోమరసం హరి. ఋగ్వేదం ఏడో మండలంలో కప్పల సూక్తం ఉంది, వాన పడగానే బెకబెకమన్న కప్పల్లో ఒకటి మచ్చలది, ఒకటి హరితం అని ఆ కవి చూసి మరీ చెప్పాడు. అమరకోశం వల్లెవేసినవాళ్ళకి ఈ శ్లోకం గుర్తుంటుంది.

యమానిలేంద్రచంద్రార్కవిష్ణుసింహాంశువాజిషు
శుకాహికపిభేకేషు హరిర్నా కపిలే త్రిషు

యముడు, గాలి, ఇంద్రుడు, చంద్రుడు, సూర్యుడు, విష్ణువు, సింహం, కిరణం, గుర్రం, చిలక, పాము, కోతి, కప్ప. ఇన్నిటికీ హరి అనే పేరు. చివర్లో రెండు మాటలున్నాయి చూడండి, "కపిలే త్రిషు". కపిలం, అంటే పసుపు కలిసిన గోధుమ రంగు, అనే అర్థంలో అయితే ఈ మాట మూడు లింగాల్లోనూ నడుస్తుంది అని. చిన్నప్పుడు ఈ శ్లోకం చదివి, ఇన్ని అర్థాలు ఒకే మాటకి ఎలా అంటుకున్నాయా అని బెంబేలెత్తాను. చిలకా కప్పా ఆకుపచ్చ, సింహమూ కోతీ గుర్రమూ పసుపు కలిసిన గోధుమ, సూర్యుడూ కిరణమూ బంగారం. అందరికీ కాకపోయినా చాలామందికి ఆ పేరు ఒంటి రంగు వల్లే వచ్చిందని తెలిశాక శ్లోకం దానంతటదే విచ్చుకుంది.

మరి విష్ణువు? పాపాలని హరించేవాడు కాబట్టి హరి అని మనకి పెద్దలు చెప్తారు, ఆ అర్థం పూజ్యమైనది. రంగు అర్థం కూడా మన సంప్రదాయంలోనే ఉంది. మహాభారతం శాంతిపర్వంలో, నారాయణీయంలో, కృష్ణుడు తన పేర్లు అర్జునుడికి వివరిస్తూ, యజ్ఞాల్లో భాగం స్వీకరిస్తాను కాబట్టి హరిని, నా రంగు శ్రేష్ఠమైన హరి వర్ణం కాబట్టి హరిని అంటాడు. రెండూ ఒకే శ్లోకంలో చెప్పాడు. ఒకటి పట్టుకుని ఇంకోటి తోసెయ్యాల్సిన పని లేదు.

గ్రీకు క్లోరోస్‌కి వద్దాం. ఇది హరికి పినతల్లి కొడుకు. రెండూ ఒకే ఇండో యూరోపియన్ మూలం నుంచి వచ్చాయి. ఆ మూలంలోని మొదటి ధ్వని సంస్కృతంలో హకారమైంది, గ్రీకులో ఖకారానికి దగ్గరైంది, ఇరాన్ వైపు జకారమైంది. ఇంగ్లీషు వైపు యకార గకారాలయింది. అందుకే అక్కడ యెల్లో, గోల్డ్. గుడ్డులో పచ్చసొనకి వాళ్ళు పెట్టుకున్న 'యోక్' అనే మాట కూడా యెల్లో నుంచి పుట్టిందే. అంటే యోక్ అన్నా పచ్చసొన అన్నా ఇద్దరూ చేసిన పని ఒకటే.

ఇరాన్ వైపు వెళ్ళిన శాఖ మన బీరువాలో ఉంది. పారశీకంలో జర్ అంటే బంగారం. దాన్నుంచి జరీ. మన పట్టుచీర అంచు మీది జరీ. జర్ద్ అంటే పసుపు, దాన్నుంచి జర్దా. జరీ, హిరణ్యం ఒక ఇంటి పిల్లలే. వేరువేరు దారుల్లో, వేల ఏళ్ళ తేడాతో, మన భాషలోకి వచ్చి చేరాయి.

గ్రీకువాళ్ళు పైత్యరసాన్ని ఖొలే అన్నారు, దాని రంగుని బట్టి. పిత్తాశయంలో రాళ్ళు కడతాయి కదా, వాటిలో మొదట కనుక్కున్న పదార్థానికి పైత్యరసం, గట్టిది అనే రెండు మాటలు కలిపి పేరు పెట్టారు. అదే కొలెస్ట్రాల్. ఇంట్లో రోజూ పలికే మాట. దాని మొదటి సగానికి హరితో చుట్టరికం ఉందంటే మీరు నమ్మకపోవచ్చు గానీ అది నిజం.

1774లో షీలే అనే స్వీడన్ రసాయన శాస్త్రవేత్త ఘాటైన వాసన గల ఒక వాయువుని తయారుచేశాడు. అది ఒక మూలకం అని 1810లో హంఫ్రీ డేవీ తేల్చి, ఆకుపచ్చ కలిసిన పసుపు రంగులో ఉంది కాబట్టి క్లోరిన్ అని పేరు పెట్టాడు. కుళాయి నీళ్ళలో వాసన వచ్చే క్లోరిన్ అదే. 1817లో పెల్లెటియే, కావెంతూ అనే ఇద్దరు ఫ్రెంచివాళ్ళు ఆకుల్లోంచి రంగు పదార్థం వేరుచేసి, క్లోరోస్, ఫిల్లోన్ అనే రెండు గ్రీకు మాటలు కలిపి క్లోరోఫిల్ అన్నారు. ఫిల్లోన్ అంటే ఆకు.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన చోటికి వచ్చాం. మన పాఠ్యపుస్తకాల్లో క్లోరోఫిల్‌ని ఏమంటారు? పత్రహరితం. ఫిల్లోన్ స్థానంలో పత్రం, క్లోరోస్ స్థానంలో హరితం. ఆ మాట కూర్చినవారు అర్థం చూసి కూర్చి ఉంటారు. కానీ చూడండి, గ్రీకులో ఉన్న మాటకి బదులు వేలయేళ్ళ కింద విడిపోయిన దాని సొంత చుట్టాన్నే తెచ్చి కూర్చోబెట్టారు. పదో తరగతి పిల్ల కిరణజన్య సంయోగక్రియ పాఠంలో పత్రహరితం అని రాస్తున్నప్పుడు రెండు ఇళ్ళూ మళ్ళీ కలుస్తున్నాయి.

ఇక ఈ రంగుకీ మనసుకీ ఉన్న లంకె. గ్రీకు కవయిత్రి సాఫో, ప్రేమించిన మనిషిని చూసి మాట పడిపోయి, ఒళ్ళు వణికి, "గడ్డి కన్నా పచ్చబడ్డాను" అంటుంది. క్లోరోస్ మాటే వాడింది. ఇటు మన పక్కన తమిళ సంగ కవిత్వంలో, ప్రియుడు దూరమైన అమ్మాయి ఒంటి మీదికి పచ్చని పాలిపోయిన రంగు వస్తుంది. దాని పేరు పసలై. మన పసి, పసిమి ఉన్న ఇంటి మాటే. కుఱుంతొగై అనే సంగ పద్యాల సంకలనంలో పరణర్ అనే కవి రాసిన చిన్న పద్యం ఉంది, 399వది. ఊరందరూ నీళ్ళు ముంచుకునే బావి రేవులో పాచి పట్టి ఉంటుంది. ముంచినప్పుడు తొలుగుతుంది, వదిలేస్తే మళ్ళీ కమ్ముకుంటుంది. నా పసలై కూడా అంతే, అతను తాకినప్పుడల్లా తొలుగుతుంది, వదిలినప్పుడల్లా పరుచుకుంటుంది అంటుంది ఆ అమ్మాయి. ఆ పద్యం చదివినప్పటి నుంచి చెరువులో బిందె ముంచినప్పుడు ఆ పాచి పక్కకి జరగడం నేను మామూలుగా చూడలేకపోతున్నాను. తమిళంలో కూడా దాన్ని పాసి అనే అంటారు.

జబ్బు సంగతికి తిరిగి వద్దాం. గ్రీకులు కామెర్లని ఇక్తెరోస్ అన్నారు. అదే పేరుతో ఒక పసుపుపచ్చని పిట్ట కూడా ఉండేది. కామెర్ల రోగి ఆ పిట్ట వైపు చూస్తే రోగికి నయమవుతుందనీ, పిట్ట చచ్చిపోతుందనీ రోమన్ రచయిత ప్లినీ రాసిపెట్టాడు. ప్రస్కణ్వుడి చిలకలకీ ఈ పిట్టకీ పోలిక చూడండి. అక్కడా ఇక్కడా మనిషి తన రంగుని పిట్టకే ఇచ్చాడు. ఒక్క తేడా ఉంది. అక్కడ పిట్ట చనిపోతుంది. మన ఋక్కులో చిలక ఎగిరిపోతుంది. నాకు మన కవే నచ్చుతాడు, అది పక్షపాతం అనుకున్నా సరే.

అసలు ఈ రంగు ఒంట్లో ఎక్కడి నుంచి వస్తుంది? మోకాలికి దెబ్బ తగిలి కమిలిన చోటు ఎప్పుడైనా రోజూ గమనించారా? మొదట ఎర్రగా, తర్వాత నేరేడుపండు రంగులో ఉంటుంది. కొన్ని రోజులకి అంచుల్లో ఆకుపచ్చ దిగుతుంది. ఆ తర్వాత పసుపు. ఆ తర్వాత మాయం. రక్తంలోని ఎర్ర పదార్థం విరిగినప్పుడు మొదట బిలివర్డిన్ పుడుతుంది, అది ఆకుపచ్చ. అది బిలిరూబిన్‌గా మారుతుంది, అది పసుపు. కామెర్లలో ఒంట్లో పేరుకునేది ఈ బిలిరూబినే. అంటే ఆకుపచ్చా పసుపూ పక్కపక్క మెట్లుగా మన చర్మం కిందే ఉన్నాయి. ఒకే మాటతో రెండిటినీ పిలిచినవాళ్ళకి ఈ రసాయనం తెలియదు. తమ ఒంటి మీది దెబ్బల్ని వాళ్ళు చూసుకునే ఉంటారు.

సూర్యుడా నా హరిమని పోగొట్టు అన్నాడు కదా ఋషి. 1956లో ఇంగ్లండులోని ఎసెక్స్‌లో, రోచ్‌ఫర్డ్ జనరల్ హాస్పిటల్‌లో, నెలతక్కువ పిల్లల వార్డు చూసే సిస్టర్ వార్డ్ అనే నర్సు ఎండ బాగున్న రోజుల్లో పిల్లల్ని పెరట్లోకి తీసుకెళ్ళేది. ఒకరోజు డాక్టర్లకి ఒక బిడ్డని చూపించింది. ఒళ్ళంతా తెల్లబడింది, దుప్పటి కొస కప్పిన చోట మాత్రం త్రికోణం ఆకారంలో పసుపు మిగిలిపోయింది. ఎండ తగిలిన చోట కామెర్లు తగ్గాయి. అదే ఆస్పత్రిలో ఎండలో ఉండిపోయిన రక్తపు నమూనాలో బిలిరూబిన్ తగ్గినట్టు తేలింది. ఆ పరిశీలనల మీద 1958లో క్రెమర్, ఆయన తోటి డాక్టర్లు వ్యాసం రాశారు. ఇవాళ పుట్టిన పిల్లలకి కామెర్లు ఎక్కువైతే నీలం దీపాల కింద పడుకోబెడతారు కదా, ఆ వైద్యానికి మొదలు అక్కడ.

ఇది విన్నాక "మన ఋషులకి ఇదంతా ముందే తెలుసు" అని ఎవరైనా అంటారు. దయచేసి అనకండి. ఋషి అడిగింది ఉదయించే సూర్యుణ్ణి. ఆయన చేతిలో కొలతలు లేవు, పెద్దవాళ్ళ కామెర్లకి ఎండ మందూ కాదు. ఆయన చేసింది ప్రార్థన. సిస్టర్ వార్డ్ చేసింది పరిశీలన. రెండూ గొప్పవే, ఒకదాని గొప్ప ఇంకోదానికి అంటగట్టక్కర్లేదు. పసిబిడ్డ ఒళ్ళు పచ్చబడితే ఎండలో పడుకోబెట్టి ఊరుకోకుండా వెంటనే డాక్టరుకి చూపించండి. పసరు మందు గురించీ అదే మాట. మా తమ్ముడికీ పక్క ఊరి నుంచి తెచ్చి తాగించారు. రెండు రోజులు వాంతులతో వాడు పడ్డ అవస్థ నాకింకా గుర్తు. కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి, పేరు పసరుకి వస్తుంది. తగ్గని రకం కామెర్లలో ఆ ఆలస్యమే ప్రాణం తీస్తుంది.

ఆ రోజుల్లో తమ్ముణ్ణి పక్కింటి పిల్లలు వచ్చి "నీకు లోకమంతా పచ్చగా కనిపిస్తోందా?" అని అడిగేవాళ్ళు, సామెత విని. వాడు నీరసంగా కిటికీలోంచి బయటికి చూసి, "లేదు, గోడ తెల్లగానే ఉంది" అనేవాడు. మూడు వారాలకి కళ్ళు తేటపడ్డాయి. తాతయ్య వాణ్ణి భుజానెక్కించుకుని జొన్నచేను వైపు తీసుకెళ్ళారు, నేను వెనకాల నడిచాను. మంచె మీది మనిషి వడిసెల విసిరితే చేల్లోంచి చిలకలు ఒక్కసారిగా లేచాయి. తాతయ్య నిలబడిపోయి, అవి కనుమరుగయ్యేదాకా చూసి, ఏమీ అనకుండా మళ్ళీ నడిచారు. ఆయన ఎందుకు నిలబడ్డారో అప్పుడు నాకు తెలియదు.

ఈ సంచీలో మా నాయనమ్మ చీర తెచ్చాను. ఆవిడ ఆ రోజు కొట్లో పట్టుబట్టి కొనుక్కున్నదే. అరవయ్యేళ్ళ నాటిది, మడతల దగ్గర చిరుగుతోంది, కాబట్టి నెమ్మదిగా విప్పుతాను. ఒళ్ళు చిలకపచ్చ, అంచు జరీ. ఈ మూల పసుపు మరక ఉంది, ఏదో పెళ్ళిలో అంటింది, ఎన్ని ఉతుకులకీ పోలేదు. వెలుతురు ఇటు బాగుంది. ఒక్కొక్కరే దగ్గరికి వచ్చి చూడండి.